గుణమంతా జాతిలోనే ఉంటుందా? కుక్కల ప్రవర్తనపై అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, దీని జాతే అంతటగా?" కరిచిన కుక్కను తీసుకుని ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో సగం మంది అడిగేది ఇదే. మిగతా సగం మంది "లాబ్రడార్ కదండీ, ఇది కరవడమేమిటి?" అని నోరు వెళ్ళబెడతారు. రెండు ప్రశ్నలకూ తల్లి ఒకే నమ్మకం. విజయవాడలో పశువైద్యం చేస్తూ నేను చూసిన ప్రవర్తన సమస్యల్లో కుక్క పుట్టుక తెచ్చినవాటి కన్నా ఈ నమ్మకం తెచ్చినవే ఎక్కువ. అందుకే ఈ ఒక్క అపోహ మీద ఎక్కువ సేపు నిలబడతాను. మిగతావాటికి రెండేసి మాటలు చాలు.

అపోహ: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. జాతి మంచిదైతే గుణం మంచిది. పెంపకంలో చేసేదేమీ లేదు.

జన్యువులకు ప్రమేయం లేదని నేననను. "ప్రేమగా పెంచితే ఏ కుక్కయినా ఒకటే" అని ఊరించేవాళ్ళ మీదా నాకు చిరాకే. రష్యాలోని నోవోసిబిర్స్క్ నక్కల గురించి తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. 1959లో దిమిత్రి బెల్యాయెవ్ అనే సోవియట్ జన్యుశాస్త్రవేత్త, బొచ్చు కోసం పెంచే నక్కల్లో మనిషిని చూసి తక్కువ బెదిరేవాటిని ఏరి వాటినే జతకట్టించడం మొదలుపెట్టాడు. శిక్షణ ఇవ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని ముద్దు చేయలేదు. చేసింది ఎంపిక ఒక్కటే. నాలుగో తరంలోనే కొన్ని పిల్లలు మనిషిని చూసి తోక ఊపాయి. బెల్యాయెవ్ పోయాక కూడా ఆయనతో పనిచేసిన శాస్త్రవేత్త లుద్మీలా ట్రుట్ దశాబ్దాల పాటు ఆ పని కొనసాగించారు. దాని పక్కనే కోపిష్టి నక్కలను కోపిష్టి నక్కలతో జతకట్టించిన మరో వరుస కూడా నడిచింది. ఆ వరుసకు చెందిన పిండాలను సాధువైన తల్లి గర్భంలో పెట్టి, ఆ తల్లే సాకినా, పిల్లలు మాత్రం కోపిష్టివిగానే పెరిగాయి. కాబట్టి రక్తంలో ఏదో ఉందన్నది అబద్ధం కాదు.

అయితే రక్తంలో ఉన్న ఆ గుణానికీ, అమ్మేవాడు చెప్పే జాతి పేరుకీ మధ్య చాలా దూరం ఉంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 18,385 కుక్కల గురించి వాటి యజమానులు జవాబులిచ్చారు. వాటిలో 2,155 కుక్కల జన్యుక్రమాలను కూడా పరిశీలించారు. ప్రవర్తనకు సంబంధించిన చాలా లక్షణాల్లో కనిపించే తేడాలకు నాలుగో వంతుకు పైగా వారసత్వమే కారణమని తేలింది. కానీ ఒక కుక్కకూ మరో కుక్కకూ గుణంలో ఉన్న తేడాను జాతి పేరు వివరించగలిగింది సుమారు 9 శాతం మాత్రమే. చెప్పిన మాట వినడంలో జాతుల మధ్య కొంత తేడా కనిపించింది. ఎంత తొందరగా రెచ్చిపోతుందన్న విషయంలో మాత్రం జాతి దాదాపు ఏమీ చెప్పలేకపోయింది.

ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? ఒకే ఈతలో పుట్టిన పిల్లలను కాసేపు చూడండి. ఒకటి మీ చెప్పు లాక్కుపోతుంది, ఒకటి తల్లి వెనక దాక్కుంటుంది. వారసత్వం ఆ తేడాలో ఉంది. డాక్స్‌హండ్ కాళ్ళు పొట్టివి కావడానికి ఒకే జన్యువు అదనపు నకలు సరిపోయింది. భయమో కోపమో అలా ఒక్క జన్యువుతో తేలదు. ఎన్నో జన్యువులు తలా కాస్త చెయ్యి వేస్తాయి. పైగా నేడు మనం చూస్తున్న జాతుల్లో ఎక్కువ భాగం గత 200 ఏళ్ళలోపు చెవి నిలువు, బొచ్చు రంగు, మూతి పొడవు చూసి స్థిరపరచినవే. ప్రదర్శనలో బహుమతి ఇచ్చే న్యాయనిర్ణేత ఆ కుక్క ఇంట్లో పసిపిల్లలతో ఎలా ఉంటుందని అడగడు.

ఇక డబ్బూ కన్నీళ్ళూ ఖర్చయ్యే చోటికి వద్దాం. పరిణామం కుక్కకు ఇచ్చినవాటిలో నా వృత్తికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక గడువు. మూడో వారం నుంచి 12, 14 వారాల వయసు దాకా కుక్కపిల్లలో కుతూహలం భయాన్ని మించి ఉంటుంది. కొత్త మనుషులు, హారన్లు, మిక్సీ మోత, గొడుగు, చేతికర్ర, ఏడ్చే పసిబిడ్డ, ఏది చూపించినా "లోకంలో ఇదీ ఉంటుంది" అని రాసుకుంటుంది. ఆ తరవాత తెలియనిది ఎదురైతే ముందు భయపడుతుంది. తల్లిని వదిలి తిరిగే వయసులో ప్రతి కొత్తదాని దగ్గరికీ తోక ఊపుకుంటూ వెళ్ళే పిల్ల అడవిలో బతకదు, అందుకే ఈ ఏర్పాటు. బెల్యాయెవ్ నక్కల్లో సాగినది కూడా ఈ గడువే. మామూలు నక్కపిల్లలో ఆరో వారానికే మొదలయ్యే బెదురు, సాధువైన వరుసలో తొమ్మిదో వారానికో ఇంకా తరవాతో మొదలైంది.

గడువు దాటితే ఏమవుతుందో అమెరికాలోని బార్ హార్బర్‌లో పరీక్షించి చూశారు. ఫలితాలు 1961లో అచ్చయ్యాయి. కుక్కపిల్లలను ఎత్తైన కంచె లోపల మనిషి సావాసం లేకుండా పెంచి, ఒక్కోదాన్ని ఒక్కో వయసులో వారం రోజులు మనుషుల మధ్యకు తెచ్చారు. 14 వారాల దాకా మనిషి దగ్గరికి రానివి ఆ తరవాత ఎంత బుజ్జగించినా అడవి జంతువుల్లాగే తప్పించుకు తిరిగాయి. అవి ఏ జాతివో తెలుసా? కాకర్ స్పానియల్, బీగిల్. "పిల్లలున్న ఇంటికి ఇదే మంచిదండీ" అని అమ్మే జాతులు.

విత్తనం ఎంత మేలైనదైనా అదను దాటాక నాటితే ఏమవుతుందో మన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. కుక్కపిల్ల విషయంలో ఆ అదను మూడు నెలలు. ఆ మూడు నెలలూ మనవాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి.

మొదటి నెల తిరగకుండానే పిల్లను తల్లి దగ్గర్నుంచి లాగేసి అమ్ముతున్నారు. "45 రోజుల పిల్ల సార్" అని అంటగట్టినదాన్ని నా దగ్గరికి తెస్తారు. నోరు తెరిచి చూస్తే వెనక పాలపళ్ళు ఇంకా చిగుళ్ళు దాటి రాలేదు. దానికి నెల దాటిందో లేదో! ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నుంచి కేంద్రం నిబంధనలే ఉన్నాయి. పట్టించుకునే నాథుడు లేడు. కాటు ఎంత గట్టిగా వేయకూడదో పిల్ల నేర్చుకునేది తోబుట్టువులతో కలబడేటప్పుడే. ఆ బడికి వెళ్ళకుండానే మీ ఇంటికి వస్తోంది.

రెండో, మూడో నెల బాల్కనీలోనో బాత్రూములోనో గడిచిపోతుంది. "టీకాలన్నీ పూర్తయ్యేదాకా బయటికి తీయొద్దన్నారు." ఈ భయం ఉత్తది కాదు. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, దాని బారిన పడ్డ పిల్లలను కాపాడటం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ బయట నేల మీద వదలకపోవడం వేరు, లోకమే చూపించకపోవడం వేరు. మొదటి టీకా వేయించి వారం దాటితే పిల్లను ఇతరులతో కలపడం మొదలుపెట్టవచ్చని అమెరికా పశుప్రవర్తన వైద్యుల సంఘం 2008లోనే ప్రకటించింది. చంకన వేసుకుని వీధి చివర కిరాణా కొట్టు దాకా వెళ్ళండి. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తిప్పండి. టీకాలు వేసిన కుక్క ఉన్న స్నేహితుల ఇంటికి తీసుకెళ్ళండి. ముసలివాళ్ళు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళు, బడిపిల్లలు, గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి, అందరి చేతా ఒక చిన్న ముక్క పెట్టించండి. భయపడితే బలవంతం వద్దు, దూరం నుంచి చూడనివ్వండి. వీధికుక్కలు తిరిగే చోట మాత్రం కింద దించకండి.

ఆ తరవాత వస్తుంది అసలు వేరుపురుగు లాంటి మాట: "కొత్తవాళ్ళకు అలవాటు చేస్తే కాపలా కాయదు." కుక్క ఈడుకు వచ్చేసరికి గేటు దగ్గర అలికిడికి మొరగడం ఎలాగూ వస్తుంది. అది నేర్పనక్కరలేదు. పిల్లప్పుడు మనుషులను చూడనిది కాపలా కుక్క కాదు, భయస్థురాలు. భయంతో కరిచే కుక్కకు దొంగా మనవరాలూ ఒకటే.

ఒక రిటైర్డ్ మాస్టారు గుర్తొస్తున్నారు. జర్మన్ షెపర్డ్ పిల్లను కొని, ఎవరి కంటా పడకుండా మేడ మీద గొలుసుకు కట్టి పెంచారు. ఏడాదిన్నర వయసులో అది సెలవులకు వచ్చిన మనవరాలి చెయ్యి పట్టుకుంది. అదృష్టవశాత్తు నాలుగు కుట్లతో పోయింది. "మా కోడలికి ముఖం ఎలా చూపించనండీ" అని ఆ పెద్దాయన నా ముందు కన్నీళ్ళు పెట్టుకున్నారు. "వీటి వంశమే అంతట, పత్రాల్లేని పిల్లను కొన్నాను" అని తనను తాను తిట్టుకున్నారు. మొదటి మూడు నెలల్లో అది ఎంతమంది మనుషులను చూసిందని అడిగాను. తాను, భార్య, పనిమనిషి. అంతే. ఆ తరవాత నెలల తరబడి ఓపికగా పనిచేశారు. వచ్చినవాళ్ళను దూరంగా నిలబెట్టి చికెన్ ముక్కలు విసిరించడం, మూతికి బుట్ట చిక్కం అలవాటు చేయడం, మళ్ళీ దూరం తగ్గించడం. ఇప్పుడు పాలవాడు గేటు తీసినా ఊరుకుంటుంది. పిల్లలు ఆడుకునే చోట మాత్రం వదలరు, వదలవద్దనే నేనూ చెప్పాను.

మీ కుక్కకు ఇప్పటికే రెండేళ్ళు నిండి ఉంటే ఇది చదివి దిగులుపడకండి. గడువు దాటాక నేర్పడం కష్టం, నెమ్మది. అసాధ్యం మాత్రం కాదు. కర్రతో కొట్టి "లొంగదీస్తాను" అనే శిక్షకుడి చేతిలో మాత్రం పెట్టకండి.

అపోహ: యజమాని "ఆల్ఫా" (గుంపును లొంగదీసి ఏలే పెత్తందారు) కావాలి, లేకపోతే కుక్క నెత్తినెక్కుతుంది.

1940లలో జంతుప్రదర్శనశాలలో ఒకచోట కుక్కిన తోడేళ్ళ కొట్లాటలు చూసి అల్లిన కథ ఇది. అడవిలో తోడేళ్ళ గుంపు అంటే తల్లి, తండ్రి, వాటి పిల్లలు. ఈ ఆల్ఫా మాటకు ఒకప్పుడు తానే ప్రచారం కల్పించిన తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మెక్, 1999 నాటికి అది తప్పని రాశారు. కుక్కను వెల్లకిలా పడేసి అదిమిపెట్టినవాళ్ళు కుట్లు వేయించుకోవడానికి మనుషుల ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తోంది.

అపోహ: నోరు లోపల నల్లగా ఉన్నది, గోళ్ళు ఎక్కువున్నది ధైర్యం గల కుక్క.

అంగిలి రంగు వర్ణకం పని. వెనక కాళ్ళకు అదనపు గోరు కాలి నిర్మాణానికి చెందిన సంగతి. ధైర్యానికీ వాటికీ సంబంధం లేదు. పిల్లను ఎంచుకోవాలంటే గోళ్ళు లెక్కపెట్టకండి, తల్లిని చూపించమనండి. మిమ్మల్ని చూసి మూల నక్కే తల్లి బిడ్డలో ఆ పిరికితనం వచ్చే అవకాశం ఎక్కువ. తల్లిని చూపించనివాడి దగ్గర కొనకండి.

అపోహ: పచ్చిమాంసం పెడితే రౌద్రం వస్తుంది.

రాదు. నులిపురుగులు వస్తాయి. "తోడేలు సంతతి కాబట్టి అన్నం పెట్టకూడదు" అనే కొత్త తరం అపోహ కూడా దీనికి తోడైంది. పిండిపదార్థాన్ని అరిగించుకునే జన్యువు తోడేలులో రెండు నకళ్ళు ఉంటే, కుక్కల్లో చాలావాటికి అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. మన ఎంగిలి మెతుకుల పక్కన బతికిన ప్రాణి మరి.

అపోహ: కొన్ని జాతులను నిషేధిస్తే కాట్లు తగ్గుతాయి.

2024 మార్చిలో కేంద్రం 23 జాతుల మీద ఆంక్షలు పెట్టమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. నా వరకు, పెద్ద దవడ గల కుక్క కరిస్తే గాయం పెద్దదన్నది ఒప్పుకుంటాను. 45 కిలోల కుక్కను పట్టి ఆపలేనివాళ్ళు దాన్ని కొనకూడదు. కరుస్తుందా లేదా అన్నది మాత్రం ఆ జాబితా చెప్పలేదు.

అపోహ: వీధికుక్కకు బుర్ర తక్కువ, నేర్పితే రాదు.

ఎవరూ ఎంపిక చేయకపోయినా మనుషుల మధ్య తరతరాలుగా నెగ్గుకొచ్చిన కుక్క అది. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన సంస్థలో అనిందితా భద్ర బృందం ఏ శిక్షణా లేని వీధికుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి ఒకదాని వైపు వేలు చూపించింది. చాలా కుక్కలు బెరుకుతో దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో సుమారు 80 శాతం వేలు చూపించిన గిన్నె దగ్గరికే వెళ్ళాయి. చలిదేశపు హస్కీని కొని ఏసీ బిల్లు కట్టే బదులు మీ వీధిలో పిల్లను తెచ్చుకోమని అడిగినవాళ్ళందరికీ చెబుతుంటాను. వినేవాళ్ళు తక్కువ.

అపోహ: ఉన్నట్టుండి కోపం వచ్చిందంటే జాతి గుణం బయటపడినట్టే.

నిన్నటిదాకా బాగున్నది ఇవాళ మీదికి వస్తే ముందు నొప్పిని అనుమానించండి. చెవిలో చీము, తుంటి నొప్పి, పుచ్చిన పన్ను, ఇవే ఎక్కువ చూస్తాను. టీకా వేయించని కుక్క అయితే రేబిస్‌ను మరిచిపోవద్దు. ఏ కుక్క కరిచినా కారుతున్న నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్ళండి. పసుపు, సున్నం పూయకండి.

అపోహ: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కోపం పోతుంది.

మగ కుక్క ఊరు పట్టుకు తిరగడం, ఎక్కడపడితే అక్కడ మూత్రం చల్లడం తగ్గుతాయి. భయంతో కరిచే అలవాటు దానివల్ల పోదు, కొన్నిటిలో పెరగవచ్చు కూడా. అందుకే కోపం తగ్గించమని ఆపరేషన్ అడిగినవాళ్ళకు వెంటనే తేదీ ఇవ్వను. అది ఎప్పుడు, ఎవరిని, ఎక్కడ కరిచిందో ముందు ఒక కాగితం మీద రాసుకుని రమ్మంటాను.