అరవై దాటాక తలనొప్పి మాత్ర

పార్శ్వపు నొప్పి అనే మైగ్రేన్ మనుషుల్ని ఎక్కువగా బాధపెట్టేది ముప్ఫై, నలభై ఏళ్ళ వయసులో. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. నెలసరి ఆగిపోయే దశలో కొంతకాలం ముదిరినా, ఆ తర్వాత చాలామందికి తగ్గుముఖం పడుతుంది. కొందరికి పూర్తిగా పోతుంది. కానీ అరవై, డెబ్బై ఏళ్ళు వచ్చినా తల పట్టుకుని చీకటి గదిలో పడుకునేవాళ్ళు మన ఇళ్ళలో తక్కువేం కాదు. వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఒక మాత్రల షీటు ఉంటుంది. పాతికేళ్ళుగా అదే మాత్ర. "నాకు ఇదే పడుతుంది" అంటారు. అప్పట్లో అది నిజంగానే పడింది. ఇప్పుడు దాన్ని అందుకునే కిడ్నీలు, పొట్ట, గుండె రక్తనాళాలు అప్పటివి కావు. పైగా ఆ మందుల డబ్బాలో ఇప్పుడు బీపీ మాత్ర, షుగర్ మాత్ర, రక్తం పలచబడే మాత్ర కూడా చేరి ఉంటాయి.

నొప్పి తీరు కూడా వయసుతో మారుతుంది. ఒకప్పుడు ఒక కణతలో మొదలై వాంతులతో ముగిసేది, ఇప్పుడు తలంతా పట్టేసి మెడలోకి దిగవచ్చు. వాంతులు ఉండకపోవచ్చు. అందుకే చాలామంది దాన్ని బీపీ తలనొప్పి అనుకుని బీపీ మాత్ర ఇంకొకటి వేసుకుంటారు. నిజానికి ఓ మోస్తరుగా పెరిగిన బీపీకి తలనొప్పి రాదు. 180/120 దాటినంతగా, హఠాత్తుగా పెరిగితే రావచ్చు. చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులు: నొప్పి వల్ల, కంగారు వల్ల ఆ కాసేపు బీపీ పెరుగుతుంది.

ఇక మాత్రల సంగతి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ పేర్లు వేరైనా ఒకే కుటుంబం. ఇవి నొప్పిని ఎలా తగ్గిస్తాయో 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ ఆస్పిరిన్ మీద పరిశోధన చేసి చెప్పాడు. ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. నొప్పిని, వాపును పెంచేవి అవే. ఆస్పిరిన్ వాటి తయారీని ఆపుతుంది. ఈ పనికి 1982 నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. చిక్కేమిటంటే ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి కోసమే పుట్టినవి కావు. పొట్ట లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవి అవే. కిడ్నీకి రక్తం సరిగ్గా అందేలా చూసేవీ అవే. మాత్రకు తల ఏదో, కిడ్నీ ఏదో తెలియదు. అన్నిచోట్లా ఆపేస్తుంది.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే ప్రతి చిన్న జల్లెడకూ రక్తాన్ని తెచ్చే నాళం ఒకటి, తీసుకెళ్ళే నాళం ఒకటి ఉంటాయి. చెరువుకు రెండు తూముల్లాగా అనుకోండి. వచ్చే తూము బాగా తెరుచుకుని, పోయే తూము కాస్త బిగిసి ఉంటేనే లోపల ఒత్తిడి నిలిచి వడపోత సాగుతుంది. వయసు మీదపడి, షుగరో బీపీయో ఉన్నవాళ్ళలో వచ్చే తూమును తెరిచి ఉంచే భారం ప్రోస్టాగ్లాండిన్ల మీదే ఎక్కువగా పడుతుంది. నొప్పి మాత్ర వేస్తే అది ముడుచుకుంటుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు పోయే తూమును వదులు చేస్తాయి. మామూలుగా అది కిడ్నీకి మంచిదే. కానీ రెండూ కలిస్తే లోపల ఒత్తిడి పడిపోతుంది. వీటికి తోడు మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు ఉంటే చెరువుకు నీరే తగ్గినట్టు. మన దగ్గర బీపీ మాత్రల్లో చాలావాటి పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటుంది. అది హైడ్రోక్లోరోథయజైడ్, అంటే మూత్రం పెంచే మందే. నొప్పి మాత్రతో కలిపి ఈ మూడూ ఒకే ఒంట్లో పడితే కిడ్నీలు కొద్ది రోజుల్లోనే దెబ్బతినవచ్చు. మే నెల ఎండల్లో, విరేచనాలప్పుడు, ఉపవాసాల్లో నీళ్ళు తాగకుండా ఉన్నప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఉద్దానం లాంటి, కిడ్నీ జబ్బు ఊళ్ళను పట్టి పీడిస్తున్న చోట మందుల షాపులో చిల్లరకు బదులు నొప్పి మాత్ర ఇచ్చే అలవాటు ఉంటే అది నాకు భయం కలిగించే విషయం.

"నా క్రియాటినిన్ నార్మలే కదా" అనే ధీమా కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. క్రియాటినిన్ అనేది కండరాల నుంచి వచ్చే, కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం. ముసలితనంలో కండ తగ్గుతుంది కాబట్టి, కిడ్నీ సగం పనే చేస్తున్నా ఆ అంకె మామూలుగా కనిపించవచ్చు. వయసును లెక్కలోకి తీసుకునే ఇ-జీఎఫ్ఆర్ అనే అంకె చూడాలి. ల్యాబ్ రిపోర్టులో సాధారణంగా ఉంటుంది. లేకపోతే అడగండి. అలాగే గ్యాస్ మాత్ర కలిపి వేసుకుంటే ఏమీ కాదనుకుంటారు. పాంటోప్రజోల్ లాంటివి పొట్టలో పుండు పడే ప్రమాదాన్ని తగ్గిస్తాయి, నిజమే. కిడ్నీకీ గుండెకీ వాటివల్ల ఏ రక్షణా లేదు. గుండె కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఐబుప్రొఫెన్ ముందుగా వెళ్ళి కూర్చుంటే ఆస్పిరిన్‌కు చోటు దొరకదు, దాని రక్షణ తగ్గిపోవచ్చు.

ఈ లెక్కన పెద్దవాళ్ళకు మొదట చేతిలోకి తీసుకోవలసింది పారాసెటమాల్. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజుకు నాలుగు గ్రాములు గరిష్ఠ పరిమితి. వయసు మళ్ళినవాళ్ళకు చాలామంది డాక్టర్లు మూడు గ్రాముల దగ్గరే ఆపుతారు. యాభై కిలోల కంటే తక్కువ బరువున్నవాళ్ళకు, మద్యం తాగేవాళ్ళకు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకు ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో, ఒళ్ళునొప్పుల మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది కాబట్టి తెలియకుండానే లెక్క దాటిపోతుంది. నొప్పి మొదలైన వెంటనే వేసుకుంటేనే ఏ మాత్రైనా బాగా పనిచేస్తుంది. మైగ్రేన్ ముదిరాక పొట్ట కదలిక మందగిస్తుంది, మాత్ర అక్కడే ఉండిపోతుంది.

మైగ్రేన్ కోసమే తయారైన మందుల సంగతి వేరు. 1990ల మొదట్లో వచ్చిన సుమట్రిప్టాన్, అంతకంటే చాలా పాతదైన ఎర్గోటమైన్ రెండూ రక్తనాళాలను కుదిస్తాయి. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళు, గుండె నాళాల్లో అడ్డంకులు ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు వీటిని వాడకూడదు. మన దగ్గర ఎర్గోటమైన్, కెఫీన్, పారాసెటమాల్, వాంతుల మందు కలిపిన మాత్ర దశాబ్దాలుగా చలామణిలో ఉంది. గొంతు ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే క్లారిథ్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిస్తే ఒంట్లో ఎర్గోటమైన్ మోతాదు పెరిగిపోయి, కాళ్ళూ చేతుల వేళ్ళకు రక్తం అందక కుళ్ళిపోయే స్థితి కూడా రావచ్చు. డెబ్బై ఏళ్ళ మనిషికి ఈ మందు కొత్తగా మొదలుపెట్టడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. సీజీఆర్‌పీ అనే నొప్పి సంకేతాన్ని అడ్డుకునే కొత్త తరం మందులు రక్తనాళాలను నేరుగా కుదించవు. మైగ్రేన్‌లో ఆ సంకేతం పాత్రను వెలికితీసిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది. ధర ఎక్కువ. కొన్నిటితో మలబద్ధకం, బీపీ పెరగడం లాంటి ఇబ్బందులు ఉన్నాయి.

నెలకు చాలాసార్లు వచ్చేవాళ్ళకు డాక్టర్లు నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు ఇస్తారు. మన దగ్గర ఎక్కువగా రాసేది ఫ్లునారిజిన్. అమెరికాలో దీనికి అనుమతే లేదు. పడుచు వయసులో బాగానే పనిచేస్తుంది. కానీ ఇది మెదడులో ఒంటి కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనం పనిని కూడా అడ్డుకుంటుంది. పెద్దవాళ్ళలో నెలల తరబడి వాడితే నడక నెమ్మదించడం, చేయి వణకడం, ముఖంలో కదలిక తగ్గడం మొదలుకావచ్చు. చూడ్డానికి అచ్చం పార్కిన్సన్ జబ్బులాగే ఉంటుంది. దిగులు కూడా పట్టుకోవచ్చు. తల తిరుగుడుకు విరివిగా ఇచ్చే సిన్నరిజిన్‌దీ ఇదే గుణం. రెండూ ఒకే మనిషికి వేర్వేరు చీటీల మీద నడుస్తుంటే? ఇంట్లోవాళ్ళు "వయసు మీదపడింది, నెమ్మదించాడు" అనుకుంటారు. ఇంకో డాక్టరు పార్కిన్సన్ మందు మొదలుపెడతాడు. అసలు మందు ఆపితే చాలావరకు కొన్ని నెలల్లో తగ్గే జబ్బు ఇది. తల్లికో తండ్రికో కొత్తగా వణుకు వచ్చిందని చెప్పేవాళ్ళతో నేను ముందు మాత్రల షీట్లు తీసి చూడమంటాను.

అమిట్రిప్టిలిన్ ఇంకో పాత మందు. మంచి నిద్ర పడుతుంది కదా అని ఇస్తారు. పెద్దవాళ్ళు సాధ్యమైనంతవరకు మానుకోవలసిన మందులతో అమెరికాలో నిర్వహించే బీర్స్ జాబితాలో ఇది ఉంది. మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం, తికమక, రాత్రి లేచినప్పుడు తూలి పడటం దీనివల్ల జరుగుతాయి. నొప్పి రాకుండా ఇచ్చే ఇంకో మందు ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకు పనికిరాదు. బీపీ కూడా ఉన్నవాళ్ళకు కాండెసార్టాన్ ఒకే మాత్రతో రెండు పనులూ చేస్తుంది. దాని గురించి డాక్టరును అడగడం మంచిది.

ఇంతవరకు చెప్పింది పాత తలనొప్పి గురించి. యాభై దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పిని, లేదా పాత నొప్పి పూర్తిగా తీరు మార్చుకున్నప్పుడు దాన్ని మాత్రతో నెట్టుకురాకూడదు. కణత దగ్గర నొప్పి, దువ్వుకుంటే మాడు సలపడం, నమిలేటప్పుడు దవడ నొప్పి పుట్టి ఆపితే తగ్గడం ఉంటే కణత ధమని వాచిందేమో చూడాలి. ఉత్తర ఐరోపాలో కంటే మన దగ్గర ఇది అరుదు. అరుదు కాబట్టే తట్టదు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలతో అనుమానం బలపడుతుంది. ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు కాబట్టి స్టెరాయిడ్ అదే రోజు మొదలుపెడతారు. బాత్రూములో జారి తలకు చిన్న దెబ్బ తగిలి, వారాల తర్వాత తలనొప్పి, మత్తు, మాట తడబడటం వస్తే మెదడు పై పొర కింద నెమ్మదిగా నెత్తురు చేరుతూ ఉండవచ్చు. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళకు ఈ భయం మరీ ఎక్కువ. ఒక కన్ను ఎర్రబడి, లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ, వాంతులతో వచ్చే నొప్పి మైగ్రేన్‌లాగే ఉంటుంది. అది కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరగడం వల్ల కావచ్చు. ఆ పూటే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వల్ల కూడా తల పగిలిపోతున్నట్టు ఉంటుంది. అది ఆ మందు గుణమే.

రాత్రి నిద్రలో సరిగ్గా ఒకే వేళకు లేపే తలనొప్పి ఒకటుంది. 1988లో నీల్ రాస్కిన్ అనే న్యూరాలజిస్టు దీన్ని మొదట వర్ణించాడు. ఇది దాదాపుగా యాభై దాటినవాళ్ళకే వస్తుంది. పడుకునే ముందు ఒక కప్పు చిక్కటి కాఫీ తాగితే చాలామందికి తగ్గుతుంది, నిద్ర కూడా చెడదు. అలాంటి రోగికి నొప్పి మాత్రలు రాయడం కంటే కాఫీ చెప్పడం ఎంత మేలో చూడండి.

బామ్ రాసుకోవడాన్ని నేను చిన్నచూపు చూడను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం ఇప్పటికీ మన అమ్మమ్మల తలగడ పక్కనే ఉంటుంది. ఇలాంటి బామ్‌లలో ఉండే మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, ఆ సంకేతం నొప్పిని కొంత కప్పేస్తుంది. కిడ్నీ మీద భారం లేని ఉపశమనం అది. ఒక్క జాగ్రత్త మాత్రం: కొన్ని బామ్‌లలో ఆస్పిరిన్ చుట్టమైన మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు దాన్ని ఒళ్ళంతా, రోజూ దట్టంగా పట్టించకూడదు.

మాత్రలే తలనొప్పికి కారణమయ్యే స్థితి కూడా ఉంది. మూడు నెలలకు పైగా, నెలలో పదిహేను రోజులో అంతకంటే ఎక్కువో మామూలు నొప్పి మాత్రలు, లేదా పది రోజులు సుమట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు, ఎర్గోటమైన్, మత్తు జాతి నొప్పి మందైన ట్రమడాల్, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు వేసుకుంటే మెదడు నొప్పిని ఇంకా సులువుగా పట్టుకునేలా మారుతుంది. పొద్దున్నే నొప్పితో లేవడం, మాత్ర వేస్తే సాయంత్రం దాకా తగ్గడం, మర్నాడు మళ్ళీ అదే. ఇక్కడ లెక్కపెట్టవలసింది మాత్రల్ని కాదు, రోజుల్ని. గోడ మీది క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజు మీద ఒక చుక్క పెట్టండి, నెలాఖరుకు తెలిసిపోతుంది. మామూలు నొప్పి మాత్రల్నీ ట్రిప్టాన్లనీ చాలామంది ఒక్కసారిగా ఆపగలరు. ట్రమడాల్, నిద్రమాత్రలు కలిసిన మందులు మాత్రం డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆపిన మొదటి వారం, పది రోజులు నొప్పి పెరుగుతుంది. నిద్ర పట్టదు, వికారంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరు తోడుండాలి, నీళ్ళు, భోజనం వేళ తప్పకుండా చూడాలి. రెండు నెలలు గడిచేసరికి చాలామందికి రోజూ వచ్చే నొప్పి విడిపోయి, అప్పుడప్పుడు వచ్చే పాత పార్శ్వపు నొప్పి ఒక్కటే మిగులుతుంది. దానికి మళ్ళీ ఒక్క పారాసెటమాల్ పనిచేయడం మొదలుపెడుతుంది.