గుర్రాల వంశం రాసే పుస్తకం ఎవరిది? బ్రీడ్ సంఘాలపై అపోహలు - వాస్తవాలు

పోయిన సంక్రాంతికి విజయవాడ వెళ్లినప్పుడు మా బావమరిది నా ఫోన్‌లో ఒక గుర్రం పాస్‌పోర్టు ఫోటో చూసి, "ఏంటి బావా, గుర్రాలకి కూడా ఆధార్ కార్డు ఉంటుందా?" అని అడిగాడు. ఉంటుంది. మన కార్డులో తాతముత్తాతల పేర్లు ఉండవు, దాంట్లో ఉంటాయి. పైగా చాలా జాతుల్లో, ఆ తల్లిదండ్రులు నిజంగా వాళ్లేనని డీఎన్ఏ పరీక్షతో తేల్చాకే రాస్తారు.

నేను రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివాను. పద్నాలుగేళ్లుగా ఉత్తర జర్మనీలో గుర్రాల వైద్యం చేస్తున్నాను. ఆరేళ్లుగా ఒక అంతర్జాతీయ బ్రీడ్ సంఘంలో, అంటే ఒక జాతి గుర్రాల వంశం నమోదు చూసే సంఘంలో, రిజిస్ట్రేషన్ కమిటీ సభ్యుణ్ణి. ఇలాంటి సంఘాల గురించి జనంలో చాలా అపోహలున్నాయి. ఆ కమిటీలో కూర్చోకముందు నాకూ వాటిలో సగం ఉండేవి.

అపోహ: అంతర్జాతీయ సంఘం ఒక మాట అంటే అన్ని దేశాలూ పాటించి తీరాలి.

అలాంటి పెత్తనం చాలా జాతుల విషయంలో ఎవరికీ లేదు. అరబ్ గుర్రాలకు ప్రపంచ స్థాయిలో వాహో అనే సంస్థ ఉంది. అది ఒక్క గుర్రాన్ని కూడా స్వయంగా నమోదు చేయదు. ఏ దేశపు స్టడ్ బుక్‌ని, అంటే వంశావళి రిజిస్టరుని, నమ్మవచ్చో చెబుతుంది. ఆ పుస్తకంలో పేరుంటే ఆ గుర్రం శుద్ధ అరబ్ కింద లెక్క. ఐస్‌లాండ్ గుర్రాల కోసం 1969లో ఏర్పడిన ఫైఫ్ కూడా దేశాల సంఘాలు కలిసి పెట్టుకున్న సమాఖ్యే. మన మలక్‌పేట రేసుల్లో పరుగెత్తే థరోబ్రెడ్ జాతి గుర్రాల పుట్టుక లెక్క పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ దగ్గర ఉంటుంది. ఆ లెక్కను బయటి దేశాలు నమ్ముతాయి కాబట్టే ఇక్కడి గుర్రం అక్కడా థరోబ్రెడ్‌గా చెల్లుతుంది. మొత్తం వ్యవహారం ఒకరి పుస్తకాన్ని ఇంకొకరు నమ్మడం మీదే నిలబడి ఉంది. పైన ఎంత మంచి తీర్మానం చేసినా, ప్రతి దేశంలోని ఆఫీసూ దాన్ని తనదనుకుంటేనే అది గుర్రపుశాల దాకా చేరుతుంది.

అపోహ: పుస్తకం తలుపులు ఎంత గట్టిగా మూస్తే జాతి అంత స్వచ్ఛంగా ఉంటుంది.

ఈ మాట వింటే నాకు 1913 నాటి ఇంగ్లండ్ గుర్తొస్తుంది. అప్పటికి కొన్నేళ్ల ముందు న్యూయార్క్‌లో రేసుల మీద పందెం కాయడంపై నిషేధం వచ్చింది. 1911, 1912లో అక్కడ రేసులే జరగలేదు. అమెరికా పెంపకందారులు గుర్రాలను ఓడలెక్కించి యూరప్‌కు పంపారు. ఇంగ్లండ్ వాళ్లకు గుబులు పట్టుకుంది. 'జెర్సీ యాక్ట్' అని పేరుపడిన నియమం తెచ్చారు. తండ్రి వైపు, తల్లి వైపు ప్రతి పూర్వీకుడూ తమ జనరల్ స్టడ్ బుక్ పాత సంపుటాల్లో ఉన్నవాడికే తేలాలి. అలా తేలకపోతే ఆ గుర్రం థరోబ్రెడ్ కాదు, సంకరం. అంతర్యుద్ధంలో, అంతకు ముందూ అమెరికాలో చాలా వంశాల కాగితాలు పోయాయి. ఆ దెబ్బతో అక్కడి గొప్ప గుర్రాల్లో చాలా వాటికి 'సంకరం' ముద్ర పడింది.

మరుసటి ఏడాదే, 1914లో, ఆ ముద్ర ఉన్న దుర్బార్ అనే గుర్రం ఇంగ్లండ్ డెర్బీ గెలిచింది. అయినా నియమం కదల్లేదు. 1948లో అదే ముద్ర ఉన్న మై బాబు '2000 గినీస్' అనే రేసు, బ్లాక్ టార్క్విన్ 'సెయింట్ లెజర్' అనే రేసు గెలిచాక 1949లో సడలించారు. ముప్ఫై ఆరేళ్లు! ఒక గుర్రం పదేళ్లలో కొన్ని వందల పిల్లలకు తండ్రి కాగలదు. ముప్ఫై ఆరేళ్లంటే ఎన్ని తరాల రక్తాన్ని ఇంగ్లండ్ తన పుస్తకంలోకి రానివ్వలేదో లెక్క వేసుకోండి. నియమం తెచ్చినవాళ్లు దుర్మార్గులేం కాదు. తమ పుస్తకాన్ని కాపాడుకోవాలనుకున్నారు. మైదానంలో ఎదురుగా కనిపిస్తున్నదాన్ని మళ్లీ బల్ల మీదికి తెచ్చి నియమాన్ని తిరగేసి చూసే ఏర్పాటు మాత్రం వాళ్ల దగ్గర లేకపోయింది. అందుకే మా కమిటీలో ఏ కొత్త నియమం వచ్చినా 'ఇన్నేళ్ల తర్వాత తప్పకుండా మళ్లీ చర్చించాలి' అనే వాక్యం కోసం నేను పట్టుబడతాను.

అపోహ: జాతిలో జబ్బు ఉందని బయటపెడితే పరువు పోతుంది.

అమెరికన్ క్వార్టర్ హార్స్ అనే జాతిలో ఇంప్రెసివ్ అనే మగ గుర్రం ఉండేది. కండలు తిరిగిన అందం. దాని సంతతి షోలలో బహుమతులన్నీ ఊడ్చుకెళ్లింది. అదే రక్తంలో హెచ్‌వైపీపీ అనే కండరాల జబ్బు కూడా పాకింది. ఒంట్లో పొటాషియం అదుపు తప్పి, నిలబడ్డ గుర్రానికి ఉన్నట్టుండి కండరాలు వణుకుతాయి, వెనక కాళ్లు తూలతాయి, ఒక్కోసారి కుప్పకూలి చనిపోతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి ఆ జన్యువు వచ్చినా చాలు.

1992కల్లా జన్యు పరీక్ష వచ్చింది. 1998 నుంచి ఆ వంశపు పిల్లల రిజిస్ట్రేషన్ కాగితం మీదే హెచ్చరిక అచ్చు వేయడం మొదలైంది. రెండు వైపుల నుంచీ ఆ జన్యువు అందుకున్న పిల్లల నమోదును ఆపింది మాత్రం 2007లో. పరీక్ష చేతికొచ్చిన పదిహేనేళ్లకు. ఆ ఆలస్యం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అయినా కాగితం మీద ఆ హెచ్చరిక వేయడం చాలా మంచి పని. కొనేవాడు ఏ మీటింగుకీ వెళ్లక్కర్లేదు, ఏ పత్రికా చదవక్కర్లేదు. చేతిలో కాగితం ఉంటే విషయం తెలిసిపోతుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. అన్ని జన్యు జబ్బులూ ఇలా ఉండవు. అరబ్‌లలో వచ్చే స్కిడ్ అనే రోగనిరోధక లోపం, జన్యువు రెండు వైపుల నుంచీ వస్తేనే పిల్లను చంపుతుంది. ఒక వైపు నుంచే వచ్చిన గుర్రం ఆరోగ్యంగా ఉంటుంది. ఆ జన్యువు లేని జోడీతో కడితే జబ్బు పిల్ల పుట్టదు. అలాంటి గుర్రాలన్నిటినీ తీసేస్తే జాతిలో ఉన్న వైవిధ్యం కూడా వాటితోపాటే పోతుంది. ఈ తేడా వివరించి చెప్పని సంఘం పెంపకందారుల్లో భయం మాత్రమే పుట్టిస్తుంది. భయపడ్డవాళ్లు పరీక్ష చేయించరు, చేయించినా ఫలితం చెప్పరు.

అపోహ: వెబ్‌సైట్‌లో పెట్టాం కదా, చెప్పినట్టే.

మా ఊరికి దగ్గర్లో ఒక పెద్దావిడ ఉన్నారు. నాలుగు ఆడ గుర్రాలు, భర్త పోయాక ఒక్కరే చూసుకుంటున్నారు. ఒక ఏప్రిల్‌లో నన్ను పిలిచారు. ఐదు రోజుల పిల్ల, ముదురు గోధుమ రంగు, నుదుటి మీద గింజంత తెల్ల మచ్చ. నమోదుకు కావలసిన డీఎన్ఏ పరీక్ష కోసం, అలవాటు ప్రకారం జూలు నుంచి వెంట్రుకలు తీయమన్నారు. వెంట్రుకను కత్తిరించకూడదు, కుదుళ్లతో సహా లాగాలి. చివర ఆవగింజలో సగం ఉండే తెల్లటి బొడిపెలోనే డీఎన్ఏ దొరుకుతుంది. ముప్ఫై దాకా లాగి, కార్డుకు అంటించి, ఆవిడ సంతకం పెట్టించి సంఘానికి పంపాను.

తిరస్కరించారు. తల్లి నమూనా కూడా అదే రోజు, అదే కార్డు మీద ఉండాలని ఆ ఏడాది జనవరి నుంచి నియమం మారిందట. ఆ సంగతి సభ్యుల పేజీలో, ఇంగ్లిష్‌లో, పద్నాలుగు పేజీల ఫైల్ చివర్లో ఉంది. ఆవిడకు ఇంగ్లిష్ రాదు. నాకొచ్చు, నేనూ చూడలేదు. అది నా తప్పు కూడా. మళ్లీ నమూనాలు, మళ్లీ ఫీజు, మళ్లీ ఎదురుచూపు. ఏడు నెలలు పట్టింది. ఈలోగా కొంటానన్న మనిషి వేరే పిల్లను కొనుక్కున్నాడు. "డాక్టర్ గారూ, నా గుర్రం అబద్ధమని వాళ్లు అనుకున్నారా?" అని ఆవిడ అడిగారు. నియమం మారిందని చెబితే సరిపోదు, ఎందుకు మారిందో కూడా చెప్పాలని నాకు ఆ ప్రశ్నతోనే అర్థమైంది. ఎవరో తల్లులను మార్చి నమోదు చేశారు, అందుకే ఆ నియమం. ఒక్క వాక్యం. అది ముందే తెలిసి ఉంటే ఆవిడకు అంత టెన్షన్ ఉండేది కాదు.

సమాచారం ఎలా అందాలో చూడాలంటే ఐస్‌లాండ్ గుర్రాల ఆన్‌లైన్ రిజిస్టరు వరల్డ్‌ఫెంగుర్ చూడండి. 2001 నుంచి దేశాలన్నిటి నమోదులూ ఒకే చోట. ఓరీ అనే పేరున్న మగ గుర్రం నంబరు ఐఎస్1986186055. ఐఎస్ అంటే పుట్టిన దేశం, 1986 పుట్టిన ఏడాది, తర్వాతి 1 అంటే మగ, ఆడదైతే 2. నంబరు చదవడం వస్తే గుర్రం గురించి సగం తెలిసినట్టే. వంశం, ప్రదర్శనల్లో వచ్చిన మార్కులు, పిల్లలు, అన్నీ ఆ ఒక్క నంబరు కింద దొరుకుతాయి. సందేహం వస్తే పెంపకందారు ఆఫీసుకు ఫోన్ చేయకుండానే చూసుకోగలడు.

అపోహ: ఇది ప్రైవేటు సంఘం, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

యూరప్‌లో ఇది చెల్లదు. 2016/1012 నంబరు గల యూరోపియన్ యూనియన్ చట్టం 2018 నవంబరు నుంచి అమలులో ఉంది. పెంపకందారులందరినీ సమానంగా చూడాలని, వాళ్లతో తగాదా వస్తే తేల్చే పద్ధతి రాసిపెట్టుకోవాలని అది బ్రీడ్ సంఘాలకు చెబుతోంది. మా సభ్యుల్లో చాలామందికి ఈ హక్కు ఉన్నట్టే తెలియదు.

అమెరికాలోనూ కోర్టుల దాకా వెళ్లిన గొడవలున్నాయి. క్లోనింగ్‌తో పుట్టిన గుర్రాలను నమోదు చేయనన్న క్వార్టర్ హార్స్ సంఘం మీద 2013లో జ్యూరీ తీర్పు వచ్చింది. 2015లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి సంఘమే గెలిచింది. కానీ పోటీని అడ్డుకోవడానికి కమిటీలోని వాళ్లు కుమ్మక్కయ్యారన్న ఆరోపణకు ఏళ్ల తరబడి కోర్టులో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. థరోబ్రెడ్‌లలో ఒక మగ గుర్రాన్ని ఏడాదికి 140 ఆడ గుర్రాలకు మించి కట్టకూడదని అమెరికా జాకీ క్లబ్ 2020లో నియమం చేసింది. జాతిలో రక్తాల వైవిధ్యం తగ్గిపోకూడదన్నది ఉద్దేశం, నా దృష్టిలో సరైనదే. పెద్ద ఫారాలు కోర్టుకెళ్లాయి, కెంటకీ శాసనసభలో బిల్లు కదిలింది, 2022 ఫిబ్రవరిలో క్లబ్ వెనక్కి తగ్గింది.

అపోహ: పాతవాళ్లను దించి కొత్తవాళ్లను ఎన్నుకుంటే అన్నీ సర్దుకుంటాయి.

మేం ఒకసారి మార్చి చూశాం. కొత్తవాళ్లూ అదే అల్మారాలో, అదే ఫైళ్లతో పని మొదలుపెట్టారు. నిజంగా తేడా తెచ్చినవి చిన్న పనులు. మీటింగు అయిన పది రోజుల్లో ఒక పేజీ నిర్ణయాలు, పక్కన కారణం. సొంత గుర్రం లేదా బంధువుల గుర్రం చర్చకొస్తే ఆ సభ్యుడు గది బయటికి. పిల్లలు పుట్టే కాలం మధ్యలో నియమం మార్చకూడదు. మొదటి ఏడాది ఫిర్యాదులు పెరిగాయి. చెబితే వింటారని జనానికి తెలిసింది కాబట్టే పెరిగాయని నేను కమిటీకి చెప్పాను. ఇద్దరు ఒప్పుకోలేదు.

వచ్చే మార్చి మీటింగుకు నా ప్రతిపాదన ఒకటి ఉంది. నమోదు నియమాల్లో ఏ మార్పైనా సభ్య దేశాల భాషలన్నిటిలో పోస్టులో అందాకే అమల్లోకి రావాలి. ఖర్చు ఎక్కువని ఖజాంచి ఇప్పటికే రాశారు. నేను లెక్క వేసి పెట్టుకున్నాను. దాంతోపాటు, ఆ పెద్దావిడ అనుమతి తీసుకుని, తిరస్కరించిన ఆ కార్డు నకలు కూడా.