గుహ ఖాళీ చేయడమంటే అన్నిటినీ చంపడం కాదు: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో మా ఇంటి మేడ మీద గదిలో ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని, డైస్ వేస్తూ కథలా ఆడే ఆట) ఆడిస్తుంటాను, కథ నడిపే డీఎం (డంజన్ మాస్టర్) నేనే. మొన్న ఒక కొత్త బ్యాచ్ వచ్చింది. "కొండ గుహలో గాబ్లిన్‌లు (పొట్టి రాక్షసులు) చేరాయి, చేతనైతే ఖాళీ చేయించండి" అని కథలో ఊరిపెద్ద సవాలు చేశాడో లేదో, "ఇనిషియేటివ్ (పోరులో ఎవరి వంతు ముందో తేల్చే డైస్) వేద్దామన్నా" అంటూ నలుగురూ డైస్ అందుకున్నారు. ప్రతి బ్యాచ్‌తోనూ ఇదే వరస.

అపోహ: లోపలున్న ప్రతి రాక్షసినీ చంపితేనే గెలుపు.

కాదు. ఎన్నిసార్లు చెప్పినా సరే, కాదు. ఈ ఆటకు 2014లో వచ్చిన రూల్స్‌లో చంపినా, తరిమినా, బంధించినా ఓడించినట్టే లెక్క, ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) ఒకటే. 1981 నాటి బేసిక్ రూల్స్‌లో అయితే గాబ్లిన్‌ను చంపితే 5 పాయింట్లు, బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక పాయింటు. పైగా అందులో మొరేల్ (రాక్షసుల ధైర్యం లెక్క) ఉంది: వాటిలో ముందుగా ఒకరు చచ్చినప్పుడు, మళ్లీ సగం మంది పడిపోయినప్పుడు రెండు డైస్ వేస్తాం, మామూలు గాబ్లిన్‌లకు 7 దాటితే పరుగే. అవి కూడా ప్రాణభయం ఉన్నవే, చివరిదాకా నిలబడి చావాలని వాటికేం పట్టింది?

రెండేళ్ల కిందట ఇంటర్ చదివే ఒక పిల్లాడు వచ్చేవాడు. తన పాత్ర అయిన విజార్డ్ (మంత్రగాడు) కథ నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసుకున్నాడు. ఆ విజార్డ్‌కు 7 హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలడనే లెక్క), ఎదురుగా 59 ఉన్న ఓగర్ (భారీ రాక్షసి). మిగతావాళ్లు "వెనక్కి రారా" అంటున్నా, వెనక్కి తిరిగితే ఓడినట్టేనని నిలబడ్డాడు. ఓగర్ దుడ్డుకర్ర దెబ్బ సగటున 13, ఆ రోజు 15 పడింది. 14 తగిలినా చాలు, 7 పాయింట్లవాడికి డెత్ సేవ్‌లు (చావు తప్పించుకునే డైస్) కూడా ఉండవు, అక్కడికక్కడే పోతాడు. వాడు మాట్లాడకుండా ఆ 7 అంకెను రబ్బరుతో చెరిపాడు, కాగితం చిరిగేదాకా. మూడు ఆదివారాలు రాలేదు. పారిపోవచ్చని ముందే చెప్పి ఉండాల్సింది నేను. అందుకే ఇప్పుడు డైస్ ముట్టుకోకముందే చెబుతున్నా.

మరి ఏం చేయాలి? బేలం గుహల్లో పాతాళగంగ దాకా దిగి చూడండి, 46 మీటర్ల లోతు, చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేరు. నా మ్యాపులన్నీ అలాంటివే. అక్కడ కవచం వేసుకుని, చేతిలో కాగడాతో యుద్ధం ఏం చేస్తారు? రెండో దారి ఎక్కడుందో వెతకండి. ఎలుక కలుగుకు పొగ పెట్టినట్టు ఒకవైపు పొగ పెట్టి, రెండోవైపు వదిలేయండి. అవి మీ వెంటపడితే తిండి విసరండి, దానికి ఆగుతాయో లేదో తేల్చడానికి పాత రూల్స్‌లో డైస్ కూడా ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తా. డైస్ ఉంది కాబట్టి జూదమా? ఒక్క రూపాయి పెట్టం. ఇంగ్లీషు రావాలా? మేం ఆడేది తెలుగులో. క్యారెక్టర్ చస్తే ఇంటికెళ్లాలా? అరగంటలో ఇంకొకడు తయారు. ఖర్చా? ఇప్పటి ఆట ప్రాథమిక రూల్స్ ఉచితంగా దొరుకుతాయి.

ఈ ఆట క్షుద్రపూజ అనే పుకారు 1980ల్లో అమెరికాలో పుట్టింది, ఇంకా చావలేదు, దాని మీద నాకు ఓపిక లేదు. కానీ భయపడే అమ్మల మీద నాకు కోపం లేదు. ఒకామె "మావాడికి దెయ్యాల పిచ్చి పట్టిస్తావా నాయనా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కూర్చుని చూడమ్మా అన్నా. మూడు గంటలు కూర్చుంది, పిల్లలు కూడికలు చేసుకోవడం, ఒకరినొకరు కాపాడుకోవడం చూసింది. తర్వాతి వారం ఉగ్గాని, బజ్జీలు పంపింది.

మొన్నటి బ్యాచ్‌లో ఒకమ్మాయి డైస్ కింద పెట్టి, "లోపల అవి ఏం తింటున్నాయన్నా?" అని అడిగింది. ఏమీ లేదు, ఆకలితోనే కొండ దిగాయి. రెండు మూటల జొన్నలకు బేరం కుదిరింది, గుహ సగం ఖాళీ అయింది. లోపలి గదిలో ఓగర్ ఇంకా ఉంది. వచ్చే ఆదివారం దాని సంగతి.