కొడుకు దుబాయిలో, నంబరు మాత్రం ఇక్కడిది

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఆర్మూరు దిక్కు గల్ఫ్ కుటుంబాలకు ఇది తెలిసిన సంగతే. ఫోన్ మోగుతుంది. తెర మీద కనిపించేది యూఏఈ కోడ్ 971తోనో సౌదీ కోడ్ 966తోనో మొదలయ్యే నంబరు కాదు, మన దేశపు పది అంకెల మొబైల్ నంబరు. ఎత్తితే అవతల షార్జాలో ఉన్న కొడుకు. మాట్లాడాక అదే నంబరుకు తిరిగి చేస్తే స్విచ్ఛాఫ్, లేదంటే ఎంతసేపు మోగినా ఎత్తే దిక్కుండదు. మర్నాడు వచ్చే కాల్ ఇంకో నంబరు నుంచి. కొడుకు సిమ్ మార్చలేదు. అతని కాల్‌ను నడిమిట్ల ఎవరో దారి మళ్లించారు. ఆ దొంగదారి ఎట్లా పడిందో తెలియాలంటే నిమిషం ధర ఎక్కడెక్కడ ఎంత పలికిందో వెనక్కి వెళ్లి చూడాలి.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఇక్కడి బతుకుదెరువును మూడు మాటల్లో చెబుతారు. ఎస్టీడీ–ఐఎస్డీ బూతుల కాలంలో ఆ మూడింటికీ ధర దూరాన్ని బట్టే ఉండేది. వరంగల్ 0870, కరీంనగర్ 0878, జగిత్యాల 08724 అన్న కోడ్‌లు వట్టి అంకెలు కావు. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని సెకన్లకు ఒక పల్సు (బిల్లు లెక్కలో ఒక యూనిట్) పడాలో చెప్పే చార్జి పటం అది. అవతల ఎత్తగానే లైన్‌లో ధ్రువణత (ప్లస్, మైనస్) తిరగబడేది, దాన్ని పట్టుకుని బూతులోని మీటరు లెక్క మొదలుపెట్టేది. పావు చార్జి కోసం జనం రాత్రి పొద్దుపోయాక బూతుల ముందు కూర్చునేవారు.

దేశం దాటే కాల్ మీద 1986 నుంచి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్‌దే గుత్తాధిపత్యం. రెండు దేశాల సంస్థలు నిమిషానికి ఒక లెక్క రేటు రాసుకునేవి, కాల్ పంపినవాడు అందులో సగం అందుకున్నవాడికి కట్టేవాడు. మన దేశం నుంచి వెళ్లే కాల్స్ కన్నా వచ్చేవే ఎక్కువ కాబట్టి ఈ సగాల్లో మనకు విదేశీ మారకం మిగిలేది. 1997లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తమ కంపెనీలు చెల్లించే ఈ సగానికి గరిష్ఠ హద్దులు పెట్టింది. తక్కువ ఆదాయ దేశాల వరుసలో ఉన్న మనకు 23 సెంట్లు. అంతకన్నా తక్కువకు కాల్‌ను చేర్చే దారి కోసం వెతుకులాట అప్పటికే నడుస్తోంది.

2000లో దేశంలోపలి ఎస్టీడీ సేవ పోటీకి తెరుచుకుంది, 2002 ఏప్రిల్ 1న అంతర్జాతీయ సేవ కూడా. అదే ఏడాది, తన దూరపు కాల్‌ను ఏ క్యారియర్ (కాల్ మోసే కంపెనీ) మోయాలో వినియోగదారుడే ఎంచుకునేలా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు తెచ్చింది. అవి అమలు కాలేదు. ఈ కథలో ఎవరూ పట్టించుకోని మలుపు ఇదే అనుకోవాలి. దారి ఎంచుకునే హక్కు కాల్ చేసేవాడికి రాలేదు, కంపెనీల దగ్గరే ఉండిపోయింది.

పోటీతో ఎస్టీడీ రేట్లు పడిపోయాయి. పల్లెల్లో నష్టానికి నడిచే ల్యాండ్‌లైన్‌లను ఇన్నాళ్లూ మోసింది ఆ ఎస్టీడీ, ఐఎస్డీ డబ్బులే. ఆ లోటు పూడ్చడానికి యాక్సెస్ డెఫిసిట్ చార్జి, అంటే ఏడీసీ, వచ్చింది. 2004 ఫిబ్రవరి 1 నుంచి విదేశాల నుంచి వచ్చే ప్రతి నిమిషం మీద రూ.4.25 ఏడీసీ, దానికి తోడు కాల్‌ను చివరి ఫోన్‌కు చేర్చే టర్మినేషన్ చార్జి 30 పైసలు. మొబైల్ నుంచి మొబైల్‌కు లోకల్ కాల్ అయితే ఆ 30 పైసలే. ఒకే ఫోన్‌కు వచ్చే ఒకే నిమిషానికి ఇంత తేడా పెడితే విదేశీ కాల్‌కు లోకల్ వేషం కట్టేవాళ్లు పుట్టకుండా ఎట్లా ఉంటారు? చిన్నాచితకా వాళ్లే కాదు, విదేశీ కాల్స్‌ను లోకల్‌గా చూపించిందని 2004లో రిలయన్స్ ఇన్ఫోకామ్‌కు టెలికాం శాఖ రూ.150 కోట్ల జరిమానా వేసింది.

ఆ తర్వాత ఏడీసీని మెల్లగా దించారు: 2005లో రూ.3.25, 2006లో రూ.1.60, 2007లో రూపాయి, 2008 ఏప్రిల్‌లో 50 పైసలు, ఆ సెప్టెంబరుతో పూర్తిగా రద్దు. తేడా కరిగితే దొంగదారి మూతపడాలి కదా. పడలేదు, ఎందుకంటే లోపలి ధర ఇంకా వేగంగా పడింది. విదేశీ కాల్ టర్మినేషన్ 2009లో 40 పైసలు, 2015లో 53, 2018లో 30. 2020 మే నుంచి 35–65 పైసల మధ్య ఎంతైనా కంపెనీలు పెట్టుకోవచ్చు. దేశీయ మొబైల్ టర్మినేషన్ 2009లో 20 పైసలు, 2015లో 14, 2017 అక్టోబరులో 6, 2021 జనవరి 1 నుంచి సున్నా. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక అన్‌లిమిటెడ్ ప్యాకులే మామూలయ్యాయి. రీచార్జి చేసిన సిమ్ నుంచి ఇంకో నిమిషం మాట్లాడితే అదనంగా పడేది ఏమీ లేదు.

2004 నాటి దొంగకు తేడా పెద్దది, కానీ లోకల్ కాల్‌కు అతనూ నిమిషం లెక్కన డబ్బు కట్టాలి. నేటి దొంగకు తేడా పైసల్లోనే, ఖర్చు మాత్రం దాదాపు లేదు. పైగా 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ దేశమంతా నిమిషానికి రూపాయి అనడంతో మొదలై ఇప్పటి ప్యాకుల దాకా దూరానికి విలువ పోయింది. ఒకప్పుడు జగిత్యాలకు లోకల్ కాల్ చేయాలంటే, విదేశీ కాల్‌ను లోకల్‌గా మార్చే పెట్టె ఈ చుట్టుపక్కలే ఉండాలి. ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నా అదే ధర.

ఆ పెట్టె పేరు సిమ్ బాక్స్. 16 లేదా 32 సిమ్‌లు పట్టే గేట్‌వే, చిన్న యాంటెనాలు, ఒక బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్, ఒక అద్దె గది. విదేశం నుంచి కాల్ ఇంటర్నెట్ మీద పెట్టెలోకి వస్తుంది, లోపలి ఒక సిమ్ మన ఫోన్‌కు లోకల్ కాల్ చేస్తుంది, పెట్టె రెండింటినీ కలుపుతుంది. 32 చానళ్లు, అంటే ఒకేసారి 32 కాల్స్, రోజుకు పది గంటలు నడిచాయనుకుంటే 19,200 నిమిషాలు. నిమిషానికి 65 పైసల చొప్పున ఎగ్గొట్టింది రూ.12,480. మొత్తం దొంగ జేబులోకే పోదు. అసలు ధర కన్నా చవకగా అమ్మితేనే విదేశీ హోల్‌సేలర్ ఈ దారి కొంటాడు. ఒకే సిమ్ రోజంతా మాట్లాడితే కంపెనీ పసిగడుతుంది కాబట్టి చానల్‌కు నాలుగైదు సిమ్‌లు మారుస్తారు. సిమ్‌లను వేరే ఊళ్లో సిమ్ బ్యాంకులో (సిమ్‌లు మాత్రమే పెట్టే వేరే పెట్టెలో) ఉంచి ఇంటర్నెట్ మీద వాడేవాళ్లూ ఉంటారు. అప్పుడు పెట్టె దొరికినా సిమ్‌లు దొరకవు.

కాల్ అక్కడిదాకా ఎట్లా వస్తుంది? కొడుకు ఇంటికి ఫోన్ చేయడానికి కొనే కాలింగ్ కార్డు లేదా యాప్ అమ్మినవాడి స్విచ్‌లో (కాల్స్‌ను దారి పట్టించే యంత్రంలో) ఒక పట్టిక ఉంటుంది: నంబరు ముందు అంకెలు, నిమిషం రేటు, ఆ రేటుకు కాల్ మోసే క్యారియర్లు. స్విచ్ చవకైన దారి ముందు పట్టుకుంటుంది, అది నిండితే తర్వాతది. నాణ్యతకు కూడా లెక్కలున్నాయి: వందకు ఎన్ని కాల్స్ కలుస్తున్నాయి, సగటున ఎంతసేపు సాగుతున్నాయి. చేసినవాడి నంబరు చేరుతుందని హామీ ఉన్న రూటు ఖరీదు, హామీ లేనిది చవక. కాల్ మూడు నాలుగు చేతులు మారుతుంది, ఒక్కొక్కరు సెంటులో ఏదో వంతు కలుపుకుంటారు. చివరి చేయి సిమ్ బాక్స్‌దని మొదటివాడికి తెలియకపోవచ్చు. తెలిసినా అడగడు.

చవక దారికి వినియోగదారుడు కట్టే వెల వేరే ఉంది. డయల్ చేశాక చాలాసేపు నిశ్శబ్దం. గొంతు రెండుసార్లు కుదించబడి డబ్బాలోంచి వచ్చినట్టుండటం. కొన్ని రూట్లలో అవతల ఎవరూ ఎత్తకముందే, ఎత్తినట్టు సంకేతం పంపి కార్డులో డబ్బులు కోస్తారు. "ఎత్తిండు గానీ మాట రాలే" అని కొడుకు అనుకుంటాడు, ఇక్కడ తల్లి ఫోన్ మోగనే లేదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేకపోవడం, ఊళ్లో పెద్దవాళ్ల చేతిలో కీప్యాడ్ ఫోనే ఉండటం ఈ కార్డుల గిరాకీని నిలబెడుతున్నాయి.

పట్టుకునే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి, విదేశాల్లో రకరకాల కార్డులు కొని ఇక్కడి పరీక్ష నంబర్లకు కాల్ చేసి, తెర మీద ఏ నంబరు పడిందో చూడటం. రెండోది కాల్ రికార్డుల జల్లెడ: వెళ్లే కాల్సే తప్ప వచ్చేవి ఉండవు, రోజూ వందల కొత్త నంబర్లు, సిమ్ ఒకే టవరును వదలదు. 2024 అక్టోబరు 22న కేంద్రం ప్రారంభించిన వ్యవస్థ మొదటి 24 గంటల్లోనే భారతీయ నంబరు వేషంలో వచ్చిన 1.35 కోట్ల విదేశీ కాల్స్‌ను ఆపిందని ప్రకటించారు. అయితే అది నంబరు మార్చిన కాల్స్‌ను, విదేశీ కాల్స్ దేశంలోకి వచ్చే అంతర్జాతీయ గేట్‌వే దగ్గర ఆపుతుంది. సిమ్ బాక్స్ కాల్ ఆ గేట్‌వే గుండా రాదు, దాని నంబరు నకిలీ కూడా కాదు. అందుకే ఇక్కడ జనం ఇచ్చే ఫిర్యాదుకు విలువ ఎక్కువ. 1963 లేదా 1800-110-420కు చేసి, కనిపించిన నంబరు, తేదీ, సమయం చెప్పాలి. టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో కూడా నమోదు చేయవచ్చు. కొడుకు ఇక్కడి సిమ్‌నే రోమింగ్‌లో వాడుతుంటే మాత్రం మన నంబరు పడటం సహజం, దానికి ఫిర్యాదు అక్కర్లేదు.

పెట్టెలోని సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్లకే తెలియకపోవచ్చు. మీ పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో సంచార్ సాథీలోనే చూసుకోవచ్చు. మోసంతో సిమ్ తీసుకుంటే 2023 టెలికాం చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

అసలు చిక్కు ఆపద వేళ తెలుస్తుంది. అక్కడ ప్రమాదం జరిగితే ఇంట్లోవాళ్లు కాల్ జాబితా తెరుస్తారు, అందులో ఉన్నవన్నీ పెట్టె నంబర్లే. కొడుకు అసలు నంబరు, క్యాంపు నంబరు, తోటి పనివాడి నంబరు కాగితం మీద రాసి ఉంచుకోవాలి. యూఏఈలో మొబైల్ నంబరును 05తో మొదలుపెట్టి చెబుతారు. ఇక్కడి నుంచి చేసేటప్పుడు ఆ సున్నా తీసేసి, 00971 తర్వాత 5 నుంచి నొక్కాలి.