పాత ఎర్ర వైన్ గ్లాసులో తేరుకునే వేళ

ఫ్రాన్సులో లియోన్ నగరానికి ఉత్తరాన ఉన్న బోజొలే కొండల్లో విలియే-మోర్గోన్ అనే ఊరు ఉంది. ఆ ఊరి చుట్టూ పండే గమే రకం ద్రాక్షతో తీసే ఎర్ర వైన్‌ను మోర్గోన్ అనే అంటారు. బోజొలే వైన్‌లో చాలా భాగం తీసిన ఏడాది రెండేళ్లలోనే తాగేసే రకం. మోర్గోన్ మాత్రం, అందులోనూ కోట్ డ్యు పీ గుట్ట మీది తోటలది, పదేళ్లు సీసాలో ఉన్నా తట్టుకుంటుంది. అలా నిలవ ఉండి, లేతప్రాయపు పళ్ల వాసన తగ్గి, బర్గండీ ప్రాంతంలో పినో నువార్ ద్రాక్షతో తీసే వైన్‌ను తలపించే దశకు చేరిన వైన్ గురించి అక్కడివాళ్లు ఊరి పేరునే క్రియాపదంగా మార్చి మాట్లాడతారు. మన భాషలో చెప్పాలంటే ఆ వైన్ 'మోర్గోనించింది' అన్నమాట.

సహజ వైన్ అనే ధోరణికి కూడా ఈ ప్రాంతమే పుట్టినిల్లు. జూల్ షోవే (1907–1989) అనే వైన్ వర్తకుడు రసాయనశాస్త్రం చదువుకున్న మనిషి. పండు శుభ్రంగా ఉంటే బయటి నుంచి ఈస్టు కలపకుండా, గంధకపు సమ్మేళనాలు వేయకుండానే మంచి వైన్ తీయవచ్చని ఆయన పట్టుదలగా పరిశోధించాడు. 1980ల నుంచి మోర్గోన్‌లో మార్సెల్ లాపియేర్, జాన్ ఫోయార్ వంటి రైతులు ఆ పద్ధతిని ఆచరణలో పెట్టారు. యూరప్ నిబంధనల ప్రకారం మామూలు ఎర్ర వైన్‌లో లీటరుకు 150 మిల్లీగ్రాముల వరకు సల్ఫైట్లు, అంటే వైన్ చెడకుండా వేసే ఆ గంధకపు సమ్మేళనాలు, ఉండవచ్చు. ఫ్రాన్సులో 2020లో వచ్చిన సహజ పద్ధతి ముద్ర పొందాలంటే 30 మిల్లీగ్రాములు దాటకూడదు. తోటలోని ఈస్టుతోనే పులియడం ఎలాంటిదో కల్లు ఎరిగిన మనకు వేరే చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున దించిన కల్లు పొద్దెక్కేకొద్దీ ఎలా పులుపెక్కుతుందో తెలిసినవారికి, సల్ఫైటు కాపలా లేని వైన్ పదేళ్లు నిలవడం ఎంత సాహసమో కూడా అర్థమవుతుంది. ద్రాక్షలోని పులుపు, 12–13 శాతం ఆల్కహాలు, గాలి చొరనివ్వని బిరడా, నేలమాళిగలోని చల్లదనం కలిసి దాన్ని కాపాడతాయి.

అటువంటి సీసా ఒకటి తెరిచామనుకుందాం. గ్లాసులో పోయగానే ముక్కుకు తగిలేది పళ్ల వాసన కాకపోవచ్చు. కుళ్లిన కోడిగుడ్డు, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల, తడిసిన పాత గుడ్డ వంటి వాసనలు తగలవచ్చు. కొత్తవారు వైన్ పాడైందని గ్లాసు పక్కన పెట్టేసేది ఇక్కడే. ఆ కంపుకు ముఖ్య కారణం హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువు. లీటరులో ఒకటి రెండు మైక్రోగ్రాములున్నా మన ముక్కు దాన్ని పసిగడుతుంది. గంధకం వేయని వైన్‌లో గంధకపు కంపు ఎక్కడిదని సందేహం రావడం సహజమే. ద్రాక్షరసంలో సల్ఫేటు రూపంలో గంధకం ముందే ఉంటుంది. ఈస్టు తనకు కావలసిన అమైనో ఆమ్లాలను తయారు చేసుకోవడానికి ఆ సల్ఫేటును మార్చుకుంటుంది. రసంలో నత్రజని పోషకాలు తక్కువైతే ఆ పని సగంలో ఆగి, వాయువు బయటికి జారుతుంది. తర్వాత సీసాలో ఆక్సిజన్ దాదాపు లేని ఏళ్లలో, ఇతర సమ్మేళనాల్లో చిక్కుకుని ఉన్న గంధకం కూడా కొంత మళ్లీ ఆ రూపంలోకి వస్తుంది.

ఈ వాయువు బాగా తేలికగా ఎగిరిపోయే స్వభావం కలది. గ్లాసును నాలుగు సార్లు గిరగిరా తిప్పితే వైన్ పలుచని పొరగా గ్లాసు గోడకెక్కి, గాలి తగిలే వైశాల్యం పెరుగుతుంది. పది, ఇరవై నిమిషాల్లో కంపు తగ్గి, దాని కింద అణగి ఉన్న ఎండిన చెర్రీ, తడి మట్టి, రాలిన ఆకుల వాసన పైకి తేలుతుంది. శుభ్రం చేసిన రాగి నాణెం గ్లాసులో వేసి కలిపే పాత చిట్కా కూడా ఉత్త నమ్మకం కాదు; రాగి ఆ గంధకాన్ని పట్టుకుని, వాసన లేని కాపర్ సల్ఫైడుగా మారుస్తుంది. అయితే ఆ వంశంలోనివే మరికొన్ని సమ్మేళనాలు రాగికి లొంగవు, గాలికీ త్వరగా కదలవు.

దీన్ని 'వైన్ విచ్చుకోవడం' అంటారు గాని, నాకు మాత్రం మన 'తేరుకోవడం' అనే మాటే ఇక్కడ సరిగ్గా అతుకుతుందనిపిస్తుంది. మొదటి గంటలో వైన్‌లో కొత్తగా పుట్టేది తక్కువ, దాన్ని విడిచి పోయేది ఎక్కువ. ఆక్సిజన్ వైన్‌తో కలిసి ఏదో మాయ చేస్తుందని సాధారణంగా అనుకుంటారు. నిజానికి గది ఉష్ణోగ్రత దగ్గర లీటరు వైన్‌లో కరిగే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములే, అది ఇనుము, రాగి అయాన్ల సాయంతో టానిన్ల వంటి ఫినాల్ పదార్థాలతో చర్య జరపడానికి గంటలు, రోజులు పడుతుంది. వేడి మాత్రం వెంటనే పనిచేస్తుంది. 13–14 డిగ్రీల చల్లదనంలో తెచ్చిన వైన్ గదిలో 18 డిగ్రీలకు చేరేసరికి, అప్పటిదాకా ఆవిరి కాని సువాసనలు గ్లాసు అంచు దాకా వస్తాయి. మూడో కారణం వైన్‌లో లేదు, మన ముక్కులో ఉంది. ఏ వాసనకైనా ముక్కు కొన్ని నిమిషాల్లో అలవాటుపడి దాన్ని గమనించడం మానేస్తుంది. అందుకే గంట కిందట పోసిన గ్లాసు పక్కన, సీసాలోంచి అప్పుడే పోసిన మరో గ్లాసు పెట్టి, ఏది ఏదో తెలియకుండా వాసన చూడటం మంచి పరీక్ష. అలా చూస్తే, వైన్ మారిందనుకున్న దానిలో ఎంత భాగం మన ముక్కు అలవాటుపడటమో తేలుతుంది.

గుటక వేసినప్పుడు తెలిసే వగరుకు వేరే లెక్క ఉంది. నేరేడు పండు తిన్నాక నాలుక బిగుసుకున్నట్టు అవుతుందే, అదే పని వైన్‌లో టానిన్లు చేస్తాయి. లాలాజలంలోని ప్రొటీన్లను అవి పట్టి ముద్దకట్టించడం వల్ల నోటిలో జారుడు పోతుంది. నేరేడు లాగే గమే తొక్కలోనూ రంగునిచ్చేవి ఆంథోసయనిన్లే. సీసాలో ఏళ్ల తరబడి ఆంథోసయనిన్లు, టానిన్లు ఒకదానితో ఒకటి అల్లుకుని పెద్ద అణువులవుతాయి. వాటిలో కొన్ని కరిగి ఉండలేక అడుగున మడ్డిగా దిగిపోతాయి. వైన్ ఊదారంగు వదిలి ఇటుక రంగుకు దిగడం, వగరు మెత్తబడటం ఈ మార్పులతోనే ముడిపడి ఉన్నాయి. గ్లాసులో గంటసేపు ఉంచితే మెత్తబడేది కాదది, పదేళ్ల పని. బోర్డో శాస్త్రజ్ఞుడు ఎమీల్ పేనో పాత వైన్‌ను మడ్డి ఉంటేనే వేరే పాత్రలోకి తేర్చాలని, అదీ వడ్డించే ముందే చేయాలని చెప్పాడు. పాత సహజ వైన్ విషయంలో నేను ఆయన పక్షమే. గాలిని తట్టుకునే సల్ఫైటు అందులో లేదు కనుక, పాత్రలో పోసి మరిచిపోవడం కన్నా గ్లాసులో తిప్పుతూ కనిపెట్టి ఉండటమే మేలు.

ఎంత తిప్పినా పోని వాసనలూ ఉంటాయి. పశువుల కొట్టాన్నో, ఆస్పత్రి కట్టునో గుర్తుచేసే 4-ఇథైల్ ఫినాల్ బ్రెటానోమైసిస్ అనే ఈస్టు పని. ఆ ఈస్టును 1904లో కార్ల్స్‌బర్గ్ బీరు ప్రయోగశాలలో నీల్స్ హెల్టె క్లాసెన్ వర్ణించాడు. సల్ఫైటు లేని చోట అది చెలరేగుతుంది. కొంచెంగా ఉంటే కొందరికి ఇష్టమే.

అన్నిటికన్నా చిత్రమైనది ఆలస్యంగా వచ్చే దోషం. గ్లాసు దగ్గర ముక్కు పెడితే ఏమీ ఉండదు. గుటక వేసిన పది, ఇరవై సెకన్ల తర్వాత నోటి వెనకనుంచి ఎలుకల బోను వాసన లాంటిది వచ్చి, చాలాసేపు వదలదు. ఫ్రాన్సులో దీన్ని 'ఎలుక' అనే పిలుస్తారు. సీసా తెరిచి గాలి తగిలాక ఇది తరచు ముదురుతుంది. తేరుకుంటోందని మురిసిన వైన్ రెండో గంటలో ఇలా చెడటం సహజ వైన్ తాగేవారికి తెలిసిన అనుభవమే. దీనికి కారణమైన అణువులు వైన్ పులుపులో, అంటే పీహెచ్ 3.5 దగ్గర, ప్రోటాన్‌ను పట్టుకుని ఆవిరి కాకుండా ఉండిపోతాయి. లాలాజలం కలిసి పులుపు తగ్గగానే విడుదలై, గొంతు వెనక దారిన ముక్కుకు చేరతాయి. లాలాజలం అందరిదీ ఒకే తీరుగా ఉండదు కనుక, ఒకే సీసా తాగిన నలుగురిలో ఒకరు ముఖం చిట్లిస్తే మరొకరికి ఏమీ తెలియదు. నోటితో పని లేకుండా తేల్చుకోవాలంటే చెంచాడు వైన్‌లో చిటికెడు వంటసోడా వేసి వాసన చూస్తే చాలు; ఎలుక ఉంటే అక్కడే బయటపడుతుంది. ఆ అణువుల్లో ఒకదాని పేరు 2-ఎసిటైల్-1-పైరోలిన్. బాస్మతి అన్నం వార్చేటప్పుడు వంటింటి నుంచి వచ్చే ఘుమఘుమలో ముఖ్యభాగం కూడా అదే.