శేషాచలం నడుములో 80 కోట్ల ఏళ్ళ గీత

తిరుమల ఘాట్ రోడ్డులో అందరి చూపూ లోయ మీదికే పోతుంది. అసలు చూడవలసింది ఇటువైపున్న కొండగోడను. అడుగున ఉన్నది గ్రానైటు. దానికి పొరలుండవు, రవ్వ పెద్దది, ఎండకూ వానకూ మూలలు అరిగి గుండ్లుగా తేలుతుంది. దాని నెత్తిన, పలకలు పేర్చినట్టుగా క్వార్ట్‌జైటు అనే గట్టి రాయి కూర్చుంది. దాని అంచులు పదును, చరియ నిట్టనిలువు.

కింది రాయి వయసు 250 కోట్ల ఏళ్ళ పైమాటే. పైది సుమారు 160 కోట్ల ఏళ్ళ నాటిది. అంటే రెండూ ఆనుకున్న ఆ గీతలో 80 కోట్ల ఏళ్ళకు పైగా కాలం కనబడకుండా పోయింది. అంతకాలం గ్రానైటు నేల బయటపడి అరుగుతూ చదునైంది. తర్వాత దాని మీదికి సముద్రం వచ్చింది. మొదట గులకరాళ్ళు, ఆపైన ఇసుక పేరుకున్నాయి. ఆ ఇసుకే గట్టిపడి క్వార్ట్‌జైటు అయింది. లోతులేని నీటిలో అలలు గీసిన చారలు కొన్ని బండల మీద ఇప్పటికీ చెరగలేదు. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లోనే ఈ రాళ్ళ గురించి రాశారు. నేడు ఈ గీత ఉన్న చోటు జాతీయ భూవైజ్ఞానిక స్మారకం.

కొండలోని నీటి నడకను నిర్ణయించేదీ ఈ రాళ్ళ అమరికే. క్వార్ట్‌జైటు గట్టిదే, కానీ నిండా నిలువు నెర్రెలు. వాననీరు వాటిలోకి దిగి, నీరు ఇంకని పొర తగిలిన చోట పక్కకు మళ్ళి ఊటగా బయటికొస్తుంది. తుంబుర తీర్థం దారిలో రెండు నిలువు గోడల నడుమ కనిపించే సందు అలాంటి పెద్ద నెర్రె వెడల్పైనదే. తలకోనలో నీరు 270 అడుగుల చరియ మీంచి దూకుతుంది. రామకృష్ణ, కుమారధార, తుంబుర తీర్థాల ముక్కోటి, అంటే భక్తులు అక్కడికి నడిచి వెళ్ళి స్నానం చేసే పర్వదినం, వరుసగా పుష్య, మాఘ, ఫాల్గుణ పౌర్ణములకు వస్తుంది. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు ఆగి వాగులు దాటే వీలు చిక్కుతుంది, ఊటలు మాత్రం ఇంకా పారుతుంటాయి. ఈ కొండను బాగా ఎరిగినవాళ్ళు పెట్టిన తిథుల్లా ఉన్నాయివి.

వాయుదేవుడితో పంతానికి పోయిన ఆదిశేషుడే ఈ కొండలయ్యాడని, పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలమని పెద్దలు చెబుతారు. మ్యాపులో ఆ వరుస చూడండి, నిజంగానే మెలికలు తిరిగి ఉంటుంది. స్వామి రెండో అడుగు మోపిన చోటని చెప్పుకొనే శిలాతోరణం 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. మెత్తని భాగాన్ని నీరు, గాలి తొలిచేయగా గట్టి భాగం వంతెనలా నిలిచింది.

ఆ తొలిచే పని ఇంకా ఆగలేదు. 2021 నవంబరు వానల తర్వాత, డిసెంబరు 1న ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడ్డాయి. నెర్రెల్లో నిండిన నీరు బండను బయటికి నెడుతుంది. కింది మెత్తని పొర నాని జారుతుంది. చెట్ల వేళ్ళు సందును పెంచుతాయి. నీరు లోపలికి దిగడానికి సమయం పడుతుంది కనుక వాన వెలిసిన కొన్నాళ్ళకూ ముప్పు ఉంటుంది. ఇనుప వల చిన్న రాళ్ళనే ఆపుతుంది. పెద్ద బండకు లోపలిదాకా దిగే ఇనుప కడ్డీ బిగించాలి, వెనకున్న నీరు కారిపోవడానికి గోడలో బెజ్జాలు వేయాలి. ఆ బెజ్జాలు మట్టితో పూడితే నీరు మళ్ళీ బండ వెనకే నిలుస్తుంది, కనుక ఏటా ఈశాన్య వానలకు ముందే వాటిని పొడిచి శుభ్రం చేయాలి.