పాత కారు మొరాయిస్తే తప్పు కార్బొరేటర్‌దేనా? అపోహలు – వాస్తవాలు

పోయిన నెల ఒక ప్రీమియర్ పద్మినిని తాడు కట్టి నా షెడ్డుకి లాక్కొచ్చారు. నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం, తాతగారి బండి. అప్పటికే రెండు చోట్ల చూపించారు. ఒకచోట కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) సర్వీసు చేశారు, ఇంకోచోట ఏకంగా కొత్తది వేశారు. అయినా పొద్దున స్టార్ట్ కాదు, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ కూడా ఆగిపోతుంది. "అన్నా, ఇది కూడా మంచి కార్బొరేటర్ కాదేమో, జేసీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో ఇంకోటి చూద్దామా?" అన్నాడు ఆ అబ్బాయి.

నేను ముందు ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. స్పార్క్ పుట్టించే కాయిల్‌కి కరెంటు కలిపి తెంపే పాయింట్లు కాలి గుంటలు పడ్డాయి, గ్యాప్ దాదాపు మూసుకుపోయింది. కొత్త పాయింట్లు, అవి కాలకుండా కాపాడే కండెన్సర్ వేసి, గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకి పెట్టి, స్పార్క్ పడే టైమింగ్ సరిచేశాను. తర్వాత డిక్కీలో పడేసిన పాత కార్బొరేటర్‌నే తిరిగి బిగించాను. బండి బాగుంది. కొత్తదానికి పెట్టిన డబ్బు మాత్రం పోయింది. ఇలాంటివి చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ప్లగ్గులు నల్లగా, పెట్రోలుతో తడిసి ఉన్నాయంటే కార్బొరేటర్ ఎక్కువ పోస్తోంది.

పోస్తుండొచ్చు. కానీ స్పార్క్ బలహీనంగా ఉన్నా ప్లగ్గు అలాగే తడుస్తుంది, ఎందుకంటే వచ్చిన పెట్రోలు కాలక మిగిలిపోతుంది. ముందు బ్యాటరీ చూడండి. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.6 కంటే కిందికి పడిపోతే, ఉన్న కరెంటంతా సెల్ఫ్ మోటారే లాగేసుకుంటుంది, కాయిల్‌కి చాలదు. అంటే ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, అంటుకోదు. నా వరస ఎప్పుడూ ఇదే: బ్యాటరీ, ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్, ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్), గాలి లీకులు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే కార్బొరేటర్ మీద చెయ్యి వేస్తాను.

అపోహ: ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడవడం) నిలవకపోతే స్క్రూ తిప్పితే చాలు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. స్క్రూలు రెండు ఉంటాయి. ఒకటి స్పీడుది, ఇంకోటి పెట్రోలు-గాలి మిశ్రమానిది. బండి ఆగిపోతోందని స్పీడు స్క్రూ బిగిస్తే త్రాటిల్ కాస్త తెరుచుకుని ఆర్‌పీఎం పెరుగుతుంది. రోగం మాత్రం లోపలే ఉండిపోతుంది. కొన్ని కార్బొరేటర్లకి ఐడ్లింగ్ పెట్రోలుని తెరిచి మూసే చిన్న సోలినాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే వాల్వు, ఉంటుంది. దాని వైరు ఊడితే యాక్సిలరేటర్ వదిలిన మరుక్షణం ఇంజిన్ ఆగిపోతుంది. కీ ఆన్ చేసి ఆ వైరు తీసి పెట్టి చూడండి, 'టక్' మని వినపడాలి. వినపడకపోతే స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు.

రెండో అనుమానం గాలి లీకు. కార్బొరేటర్ కింది గ్యాస్కెట్, మానిఫోల్డ్, బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే ట్యూబు, వీటిలో ఎక్కడ సందు ఉన్నా మిశ్రమం పలచబడి, అంటే పెట్రోలు పాలు తగ్గి, ఇంజిన్ వణుకుతుంది. నడుస్తున్న ఇంజిన్ మీద ఆ చోట కొద్దిగా కార్బ్ క్లీనర్ స్ప్రే కొడితే, లీకు ఉంటే ఐడ్లింగ్ మారుతుంది. ప్లగ్ వైర్లు పగిలి ఉన్నా, ఇంజిన్ బాగా కాగి ఉన్నా ఈ పరీక్ష చెయ్యకండి, మంటలు లేస్తాయి.

ఇక బెంగళూరు సంగతి. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి దాదాపు పదో వంతు పలచన. పెట్రోలుని కొలిచి వదిలే సన్నని రంధ్రం, అంటే జెట్, మాత్రం అదే. అందుకని నెల్లూరులోనో చెన్నైలోనో ట్యూన్ చేసిన బండి ఇక్కడికొస్తే మిశ్రమంలో పెట్రోలు పాలు పెరిగి కాస్త చిక్కబడి ఐడ్లింగ్ బరువెక్కుతుంది. అది చెడిపోవడం కాదు. ఇంజిన్ వేడెక్కాక మిశ్రమం స్క్రూని కొద్దికొద్దిగా తిప్పి, ఎక్కడ నున్నగా నడుస్తుందో అక్కడ ఆపాలి. స్క్రూని లోపలికి గట్టిగా మాత్రం బిగించొద్దు, దాని సూది మొన గానీ అది కూర్చునే చోటు గానీ పాడైతే ట్యూనింగ్ సరిగ్గా కుదరదు.

అపోహ: ఎంత తొక్కితే అంత తొందరగా స్టార్ట్ అవుతుంది.

తొక్కిన ప్రతిసారీ యాక్సిలరేటర్ పంపు పెట్రోలు చిమ్ముతుంది. జనవరి చలిలో చోక్ (గాలిని తగ్గించి మిశ్రమాన్ని చిక్కబరిచే మీట) లాగి ఒకటి రెండుసార్లు తొక్కడం సరే. కాగిన ఇంజిన్‌కి అది వద్దు. పెట్రోలు ఎక్కువైందనిపిస్తే చోక్ మీటని పూర్తిగా లోపలికి నెట్టేసి, యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి, కదపకుండా పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. గాలి ఎక్కువగా వెళ్లి లోపలి తడి ఆరుతుంది. ఒక్కో ప్రయత్నం పది సెకన్లు దాటకూడదు. ఇంజిన్ వేడెక్కాక చోక్ మర్చిపోవడం కూడా ప్రమాదమే, పచ్చి పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది.

అపోహ: ట్రాఫిక్‌లో కాగి ఆగిపోయిందంటే పెట్రోలు పైపులోనే ఆవిరై దారికి అడ్డుపడి లాక్ అయినట్టే.

బెంగళూరులో ఎప్పుడూ రద్దీగా ఉండే సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర మిట్టమధ్యాహ్నం అరగంట ఇరుక్కుంటే అది నిజంగానే జరగొచ్చు. ఇంజిన్‌కి అతుక్కుని ఉండే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయడం పనికొచ్చే చిట్కానే. అయితే వేడికి చచ్చి, చల్లారగానే బతికే కాయిల్, కండెన్సర్ కూడా ఇదే లక్షణం చూపిస్తాయి. తేడా తెలియాలంటే బండి ఆగిన ఆ నిమిషంలోనే చూడాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి, చేత్తో త్రాటిల్ లాగి కార్బొరేటర్ గొంతులోకి చూడండి. పెట్రోలు ధార పడుతుంటే లోటు పెట్రోలుది కాదు, స్పార్క్ వెతకండి. ధార లేకపోతే ట్యాంకు మూత తెరవండి. 'సుస్స్' మని గాలి లోపలికి పోయిందంటే మూతకుండే గాలి రంధ్రం పూడుకుపోయినట్టు.

జెట్‌లో చెత్త ఉంటే తీగతో పొడవడం నేనూ నేర్చుకునే రోజుల్లో చేశాను. జెట్ ఇత్తడిది, ఇత్తడి మెత్తనిది. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా కొలత తప్పుతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, అంతే.

అపోహ: వారానికోసారి ఐదు నిమిషాలు ఆన్ చేస్తే బండి బాగుంటుంది.

పాత డైనమో బండ్లలో ఐడ్లింగ్‌లో చార్జింగ్ దాదాపు ఉండదు. స్టార్ట్ చేయడానికి వాడిన కరెంటు కూడా తిరిగి రాదు, పైగా సైలెన్సర్‌లో నీరు చేరుతుంది. ఆదివారం పొద్దున్నే అరగంట రోడ్డు మీద తిప్పుకురండి.

ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది, ఈ బండ్లకి ఇంకో చిక్కు. కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కి 9 చాలు. అందుకే పాత జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది, చల్లని పూట స్టార్టింగ్ కష్టమవుతుంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. నెలల తరబడి నిలిపిన బండిని స్టార్ట్ చేసే ముందు ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా పైపుల్ని వేలితో నొక్కి చూడండి. జిగురుగా ఉన్నా, పగుళ్లు కనిపించినా, పెట్రోలు వాసన వచ్చినా కీ తిప్పకుండా ముందు ఆ పైపులు మార్చండి, ఇథనాల్‌ని తట్టుకునే రకం అడిగి తెచ్చుకోండి.